తెల్లరంగు ఖరీదు: సీసం నుంచి టైటానియం దాకా

రంగుల చరిత్ర రాసేవారికి నీలమంటే మక్కువ ఎక్కువ. ఆఫ్ఘన్ కొండల్లో పుట్టి వెనీసు రేవు దాకా ప్రయాణించిన లాపిస్ లాజులీ రాయి, 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో అనుకోకుండా తయారైన ప్రష్యన్ నీలం — ఇటువంటి కథలు చదవడానికి బాగుంటాయి. వ్యాపారం మాత్రం వేరే రంగు మీద నడుస్తుంది. ఖనిజాల నుంచి వచ్చే రంగుపొడులను, అంటే అకర్బన వర్ణకాలను, బరువు లెక్కన తూచి చూస్తే రాజ్యం తెలుపుది. గోడలకు వేసే రంగులో, ప్లాస్టిక్ కుర్చీలో, మెరిసే కాగితంలో, టూత్‌పేస్టులో, మందుబిళ్ళల పైపూతలో ఉన్న తెలుపంతా దాదాపు ఒకే పదార్థం: టైటానియం డయాక్సైడ్. లేత నీలం, లేత పసుపు అని అమ్మే డబ్బాల్లోనూ ఎక్కువపాలు ఉండేది ఇదే. ప్రపంచంలో ఏటా లక్షల టన్నుల లెక్కన దీన్ని తయారు చేస్తారు. దీని తర్వాతి స్థానం ఇనుప ఆక్సైడులది, అంటే మన జేగురు కుటుంబానిది.

ఇంతగా అలవాటైన ఈ తెలుపు వయసు నూటపదేళ్ళే. అంతకు ముందు రెండువేల ఏళ్ళకు పైగా యూరపులో గోడకైనా, పడవకైనా, చిత్రకారుడి పలకకైనా తెలుపంటే సీసమే. ఆ సీసం విషమన్న సంగతి ఆ రెండువేల ఏళ్ళూ తెలిసిందే. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, సీసపు గొట్టాల్లో తాగునీరు పారించవద్దని చెబుతూ, రెండు కారణాలు చూపించాడు. సీసం నుంచి తయారయ్యే తెల్లపొడి శరీరానికి హానికరమని చెబుతారన్నది ఒకటి. సీసం కరిగించే పనివాళ్ళ ముఖాలు పాలిపోయి ఉంటాయన్నది రెండోది. అంత ముందే తెలిసిన విషాన్ని ప్రపంచం ఎందుకు వదలలేదు, చివరకు ఏ కారణంతో వదిలింది అన్నవి తెల్లరంగు చరిత్రలో అసలు ప్రశ్నలు. వీటికి దొరికే జవాబు వైద్యశాస్త్రానికి గానీ చట్టసభలకు గానీ పెద్దగా గౌరవం తెచ్చేది కాదు.

విషంతో రంగుకున్న చుట్టరికం యూరపుకే పరిమితం కాదు. తెలుగులో పాత ఖనిజవర్ణాల పేర్లు వరసగా చెప్పుకుంటే ఇంగిలీకంలో పాదరసం ఉంది, హరిదళంలో ఆర్సెనిక్ ఉంది, సిందూరంలో సీసం ఉంది. ఆ జాబితాలో నిరపాయంగా మిగిలేది ముగ్గుకు అంచుగా, మట్టిగోడకు పూతగా వాడిన జేగురు.

తెల్లసీసం తయారీ పద్ధతిని క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వర్ణించాడు: సీసాన్ని పులిసిన ద్రాక్షరసపు ఆవిరికి గురిచేసి, పైన పేరుకున్న తెల్లటి తుప్పును గీకి తీయడం. డచ్చివారు దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చారు. మట్టికుండ అడుగున వినిగర్ పోసి, పైన సీసపు చుట్టలు పెట్టి, అటువంటి కుండలను వందలకొద్దీ గుర్రపు పేడలో పాతిపెట్టి, పైన పలకలు పరచి, వాటి మీద మరో వరస పేర్చి, గది మూసేసేవారు. పులుస్తున్న పేడ నుంచి వేడీ, బొగ్గుపులుసు వాయువూ వచ్చేవి. మూడు నెలల తర్వాత గది తెరిస్తే సీసం తెల్లబడి ఉండేది. చూస్తే పల్లెటూరి ఊరగాయ పనిలా ఉంటుంది గాని, గది తెరిచాక జరిగేదే ప్రాణాంతకం. పెళుసైన తెల్లపొరను రాలగొట్టి, కడిగి, పొయ్యిల మీద ఆరబెట్టి, పొడి చేసి పీపాలకెత్తాలి. ఆ దుమ్ము పీల్చినవారికి మొదట కడుపుశూల, తర్వాత మణికట్లు పడిపోవడం, ముదిరితే మూర్ఛలు, చూపు పోవడం, చావు.

19వ శతాబ్దపు ఇంగ్లండులో, ముఖ్యంగా న్యూకాసిల్ ప్రాంతంలో, ఈ మోతపని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళు. కూలి తక్కువ, పని రోజువారీది, ఎవరినీ ఎక్కువ ప్రశ్నలు వేయకుండా తీసుకునేవారు. మరో దారి లేనివాళ్ళే ఆ గేటు దగ్గర నిలబడేవారు. చార్లెస్ డికెన్స్ 1868–69లో తూర్పు లండన్ మురికివాడలనూ, ఒక సీసపు మిల్లునూ చూసి వచ్చి తన పత్రికలో రాశాడు. బెర్నార్డ్ షా 1893లో రాసిన ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’ నాటకంలో వారెన్ అక్కల్లో ఒకామె ఇటువంటి కర్మాగారంలో రోజుకు 12 గంటలు, వారానికి 9 షిల్లింగులకు పనిచేసి సీసపు విషంతో చనిపోతుంది. ‘గౌరవంగా’ బతికిన అక్కకు దక్కిందేమిటో చూపడానికి షా ఎన్నో వృత్తులుండగా దీన్నే ఎంచుకున్నాడంటే, ఆనాటి ప్రేక్షకులకు వేరే వివరణ అక్కర్లేదన్నమాట. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రమాదకరమైన దశల్లో ఆడవాళ్ళను పెట్టకూడదని నిషేధించింది. ఆ పనుల్లోకి మగవాళ్ళు వచ్చారు. రంగు మారలేదు.

సీసానికి బదులు లేక కాదు. 1780లలోనే ఫ్రాన్స్‌లోని దిజోఁ నగరంలో జింకు ఆక్సైడును తెల్లరంగుగా వాడవచ్చని ప్రతిపాదించారు. 1840లలో ఎద్మ్-జాఁ లెక్లేర్ అనే పారిస్ రంగుల కాంట్రాక్టరు దాన్ని ఇళ్ళకు వేయదగిన రూపంలో, అమ్మదగిన ధరలో తయారు చేయించాడు. పనివాళ్ళకు లాభాల్లో వాటా ఇచ్చిన తొలి యజమానుల్లో ఒకడుగా ఆర్థికశాస్త్ర చరిత్రలో అతని పేరు నిలిచింది. తన పనివాళ్ళు సీసంతో రోగాల పాలవడం చూసి జింకుకు మారినవాడు కూడా అతనే. కాని రంగు వేసేవాళ్ళలో చాలామందికి జింకు నచ్చలేదు. సీసం నూనెతో కలిసి ఒక రకమైన సబ్బుగా మారి సాగే పొరనిస్తుంది, ఎండకూ వానకూ తట్టుకుంటుంది. జింకు పొర కాలక్రమంలో పెళుసెక్కి పగులుతుంది. పైగా, చేయి తిరిగిన పనివాడికి ఒకటి రెండు పూతల్లో కింది రంగును కప్పేసేది సీసమే.

కప్పడం అన్న ఈ గుణమే తెల్లరంగు వ్యాపారానికి ఆయువుపట్టు. తెల్లపొడి రేణువులకు నిజానికి రంగు లేదు. విడిగా చూస్తే అవి చిన్న చిన్న గాజుముక్కల వంటివి. నూనెలో నుంచి రేణువులోకి, రేణువులో నుంచి మళ్ళీ నూనెలోకి వెళ్ళేటప్పుడు కాంతి ప్రతిసారీ వంగి చెదురుతుంది. ఎంతగా చెదిరితే గోడ అంత తెల్లగా కనబడుతుంది. రేణువుకూ నూనెకూ వక్రీభవన గుణకాల్లో ఉన్న తేడాయే ఈ చెదరడానికి మూలం. అవిసెనూనె గుణకం సుమారు 1.5. అందుకే గుణకం అంతకు దగ్గరగా ఉన్న సుద్ద నూనెలో పడగానే మసకబారి మాయమవుతుంది. సీసం, జింకు రెండూ 2.0 దరిదాపుల్లో ఉంటాయి. రూటైల్ రూపంలో ఉన్న టైటానియం డయాక్సైడ్ గుణకం 2.7. వజ్రానిది 2.4. ఈ నాలుగు అంకెలలో ఆ తర్వాతి చరిత్ర సగం ఇమిడి ఉంది.

ఆ చరిత్రకు ముందు చట్టాల ప్రయత్నం ఒకటి నడిచింది. ఫ్రాన్స్ 1909లో ఇళ్ళ పెయింటింగులో తెల్లసీసాన్ని నిషేధిస్తూ చట్టం చేసి, అమలుకు 1915 దాకా గడువు ఇచ్చింది. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశం ఈ విషయాన్ని చేపట్టింది. పూర్తి నిషేధం కావాలన్నవారికీ, జాగ్రత్తలు చాలన్నవారికీ మధ్య రాజీగా వచ్చిన 13వ ఒడంబడిక, భవనాల లోపలి గోడలకు తెల్లసీసం వాడరాదంది. రంగులో 2 శాతం లోపు సీసానికి మినహాయింపు. రైల్వే స్టేషన్లకూ, ఫ్యాక్టరీలకూ అవసరమని అధికారులు తేలిస్తే మినహాయింపు. కళాత్మక చిత్రలేఖనానికి మినహాయింపు. పదునెనిమిదేళ్ళ లోపు మగపిల్లలనూ, స్త్రీలందరినీ సీసపు రంగుల పని నుంచి దూరంగా ఉంచాలంది. ఈ పత్రంలో పిల్లలు కనబడేది పనివాళ్ళుగానే. ఆ గోడల మధ్య పెరిగే పిల్లల ప్రసక్తి అందులో లేదు.

వాళ్ళ సంగతి అప్పటికే తెలుసు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కంటివైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్, చూపు మందగించి, కాళ్ళూ చేతులూ పడిపోయి వచ్చే పిల్లల జబ్బుకు మూలం ఇళ్ళ వరండాల కమ్మీలకూ, గోడలకూ వేసిన రంగేనని 1904లో ప్రకటించాడు. క్వీన్స్‌లాండ్ ఎండకు ఆ రంగు పొడిగా లేచేది. పిల్లలు కమ్మీలు పట్టుకుని ఆడి, అవే వేళ్ళు నోట్లో పెట్టుకునేవారు. ఆ రాష్ట్రం 1922లో పిల్లలకు అందే ఎత్తులో సీసపు రంగు వేయకూడదని చట్టం చేసింది. అమెరికాలో 1914లో, బాల్టిమోరు వైద్యులు థామస్, బ్లాక్‌ఫాన్ తన ఊయలమంచం కమ్మీలను కొరికి సీసపు విషంతో చనిపోయిన పిల్లవాడి కేసును ప్రచురించారు. ఆ దేశంలో తెల్లసీసపు అమ్మకాల్లో అగ్రస్థానం నేషనల్ లెడ్ కంపెనీది. 1891లో ఏర్పడిన ఆ సంస్థ వ్యాపారచిహ్నం కుంచె చేతబట్టి, టోపీ పెట్టుకున్న ఒక డచ్చి పిల్లవాడు. 1920లలో ఆ కంపెనీ ఆ పిల్లవాడి బొమ్మలతో, పద్యాలతో పిల్లలు రంగులు దిద్దుకునే పుస్తకాలు పంచిపెట్టింది. జెనీవా ఒడంబడికకు అప్పట్లో అమెరికా బయటి దేశమే. కార్మిక సంస్థలో ఆ దేశం చేరింది 1934లో.

ఇక్కడే కథలోకి టైటానియం వచ్చింది. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ మతగురువు విలియం గ్రెగర్, ఒక సెలయేటి నల్ల ఇసుకలో కొత్త లోహాన్ని గుర్తించాడు. 1795లో జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ గ్రీకు పురాణాల్లోని టైటాన్ల పేరు దానికి పెట్టాడు. ఆ పైన నూరేళ్ళకు పైగా అది ఎవరికీ పెద్దగా పనికిరాలేదు. 1916 ప్రాంతంలో అమెరికాలో నయాగరా జలపాతం దగ్గర రోసీ, బార్టన్ అనేవారి ప్రయోగాల ఫలితంగానూ, నార్వేలో యెబ్సెన్, ఫారుప్ అనేవారి కృషితోనూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే టైటానియం తెలుపు కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. తొలి సరుకు శుద్ధమైన టైటానియం కాదు. పాతికవంతు టైటానియం డయాక్సైడుకు ముప్పాతికవంతు బేరియం సల్ఫేటు కలిపిన మిశ్రమం. బేరియం సల్ఫేటుకు తెలుగుపేరు ముగ్గురాయి. కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పెద్ద నిక్షేపంగా పేరుపడినవి. అయితే ఆ నిక్షేపానికీ తొలి టైటానియం తెలుపుకూ సంబంధమేమీ లేదు. పదార్థం మాత్రం అదే.

సీసపు కంపెనీ ఈ ప్రత్యర్థిని ఎదిరించలేదు, కొనేసింది. 1920లో నయాగరా సంస్థలో నేషనల్ లెడ్ వాటా తీసుకుంది. 1920లలోనే నార్వే సంస్థనూ తన పరిధిలోకి తెచ్చుకుంది. ఒక చేత్తో తెల్లసీసం పిల్లలకు కూడా పనికివచ్చేదేనన్న ప్రకటనలు, రెండో చేత్తో విషరహితమైన కొత్త తెలుపు. సీసం మీద పెట్టిన పెట్టుబడి తిరిగివచ్చేదాకా రెండూ కలిసే నడిచాయి. ఏ తెలుపు ఎంత వేగంగా గోడ మీదికి రావాలో తేల్చింది చాలావరకు ఆ సంస్థ లెక్కల పుస్తకమే అనడం అన్యాయం కాదు.

ముడిసరుకు మాత్రం మన తీరం నుంచి వెళ్ళింది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త, తిరువాన్కూరు సంస్థానం నుంచి వచ్చిన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో మోనజైటు ఉందని గమనించాడు. ఆ ఇసుక మూలం వెతికితే మనవాళకురిచి తీరం తేలింది. గ్యాసుదీపాల వత్తులకు కావలసిన థోరియం కోసం అక్కడ ఇసుక తవ్వకం మొదలైంది. మోనజైటు ఏరుకున్నాక మిగిలే నల్లపొడి ఇల్మనైటు, ఇనుమూ టైటానియమూ కలిసిన ఖనిజం. విద్యుద్దీపాలు వచ్చి గ్యాసు వత్తుల గిరాకీ పడిపోయింది. పారబోసిన ఇల్మనైటుకు అదే కాలంలో గిరాకీ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి ప్రపంచపు ఇల్మనైటులో అధికభాగం తిరువాన్కూరుదే. నల్ల ఇసుక బయటికి వెళ్ళి, అక్కడ తెల్లపొడి అయ్యేది. ఆ తేడాలోని లాభం ఇక్కడే నిలవాలన్న ఆలోచనతో 1946లో తిరువాన్కూర్ టైటానియం ప్రోడక్ట్స్ ఏర్పడింది. మన విశాఖ, శ్రీకాకుళం జిల్లాల తీరంలో భీమిలి, కళింగపట్నం వైపు కనబడే నల్ల ఇసుక కూడా ఆ తాను ముక్కే.

యుద్ధంతో ఓడల రాకపోకలు కష్టమయ్యాక అమెరికా స్వదేశంలో వెతికింది. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఆదిరాండక్ కొండల్లో టహావుస్ అనే చోట 19వ శతాబ్దంలో ఒక ఇనుప గని నడిచి మూతపడింది. ఖనిజంలోని ఏదో మలినం కొలిమిని ఇబ్బంది పెట్టడం ఆ వైఫల్యానికి ఒక కారణం. ఆ మలినమే టైటానియం. 1941–42లో నేషనల్ లెడ్ ఆ గనిని మళ్ళీ తెరిచింది, ఈసారి మలినం కోసం.

1940లలో రూటైల్ రకం మార్కెట్లోకి వచ్చాక పోటీ ముగిసింది. అదే బరువు పొడితో కొన్నిరెట్లు ఎక్కువ గోడను కప్పగలిగినప్పుడు కిలో ధర ఎక్కువైనా గోడ ఖర్చు తగ్గుతుంది. అమెరికా పరిశ్రమ 1955లో లోపలి గోడల రంగుల్లో సీసం 1 శాతం మించరాదని తనకు తానే నియమం పెట్టుకుంది. అప్పటికి ఆ గోడలకు సీసం అమ్మడంలో లాభమూ పెద్దగా లేదు. ఫెడరల్ చట్టం 1971లో వచ్చింది. ఇళ్ళ రంగుల్లో నిషేధం 1978లో అమలైంది. బాల్టిమోరు పిల్లవాడి కేసు అచ్చయిన 64 ఏళ్ళకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనాలి, కాకపోతే కాలిన చేతులు చట్టం చేసినవారివి కావు.

కొత్త తెలుపు గోడ మీద నిరపాయమే గాని, తయారయ్యేచోట కాదు. పాత సల్ఫేటు పద్ధతిలో ఇల్మనైటును గంధకామ్లంలో కరిగిస్తారు. ఇనుమంతా అన్నభేదిగా విడిపోతుంది. తయారయ్యే రంగుకు కొన్ని రెట్ల బరువున్న వ్యర్థాలు, పలుచని ఆమ్లం మిగులుతాయి. చాలాకాలం వీటిని సముద్రంలో పోసేవారు. 1972లో ఇటలీలోని స్కార్లీనో కర్మాగారం ఈ ఎర్రబురదను కోర్సికా ద్వీపానికి ఎదురుగా పారబోయడం మొదలుపెట్టినప్పుడు బాస్తియా పట్నం వీధుల్లోకి వచ్చింది. 1973లో ఆ బురద మోసే ఓడల్లో ఒకదాన్ని బాంబుతో పేల్చారు. యూరపు టైటానియం వ్యర్థాల మీద తొలి ఆదేశం 1978లో ఇచ్చింది. ఖర్చు మూల్యం కట్టేవాడు మారాడు తప్ప లెక్క మాయం కాలేదు.

అమెరికాలో డ్యుపాంట్ అభివృద్ధి చేసిన క్లోరైడు పద్ధతికి వ్యర్థాలు తక్కువ, నాణ్యం ఎక్కువ. దాని వివరాలను సంస్థ దశాబ్దాల పాటు గుట్టుగా దాచుకుంది. ఆ గుట్టును చైనా ప్రభుత్వరంగ సంస్థకు అమ్మినందుకు కాలిఫోర్నియాకు చెందిన వాల్టర్ లియూ అనే ఇంజనీరుకు 2014లో 15 ఏళ్ళ జైలుశిక్ష పడింది. ఆర్థిక గూఢచర్యం నేరం కింద విచారణకు వచ్చిన ఆ రహస్యం క్షిపణిదీ కాదు, కంప్యూటరు చిప్పుదీ కాదు. తెల్లసున్నం లాంటి పొడిది. నేడు ప్రపంచంలో ఈ పొడిని అందరికన్న ఎక్కువ తయారు చేసేది చైనాయే. దాని ధరలకు తట్టుకోలేక యూరపు 2025 జనవరిలో ప్రత్యేక సుంకాలు విధించింది. తినే పదార్థాల్లో దీని వాడకాన్ని మాత్రం యూరపు 2022లోనే నిషేధించింది.

సీసం తెలుపు నుంచి తప్పుకుంది గాని, పసుపు, నారింజ, ఎరుపుల్లో ఉండిపోయింది. లెడ్ క్రోమేటు అంత నిగనిగలాడే పసుపు అంత చవకగా మరొకటి దొరకదు. అమెరికన్ స్కూలు బస్సుకు 1939లో నిర్ణయించిన పసుపుకు మొదటి పేరులోనే ‘క్రోమ్’ ఉంది. అది ఈ పదార్థమే. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండడానికి కారణం వెతికిన స్టాన్‌ఫర్డ్, ఢాకా పరిశోధకులు 2019లో వంటింటి పసుపు దగ్గర తేలారు. 1980లలో వరదలకు తడిసి రంగు మాసిన పసుపుకొమ్ములకు మెరుపు తేవడానికి వ్యాపారులు లెడ్ క్రోమేటు రాయడం అలవాటు చేసుకున్నారు. అధికారులు ఢాకా టోకు బజారులో దాడిచేసి జరిమానాలు వేశారు, ఊరూరా ప్రచారం చేశారు. 2019లో 47 శాతం పసుపు నమూనాల్లో కనబడిన కల్తీ, 2021 నాటికి ఒక్కదానిలోనూ కనబడలేదు. తెల్లసీసానికి వందేళ్ళు పట్టిన పని ఇక్కడ రెండేళ్ళలో జరిగింది. ఇది పసుపుకు ఒక పూత. అది మానేసినందుకు ఎవరి కర్మాగారమూ మూతపడనక్కర్లేదు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

కుంకుమకూ సిందూరానికీ తెలుగులో ఉన్న తేడా కూడా ఇక్కడ పనికివస్తుంది. పసుపును సున్నం వంటి క్షారంతో ఎర్రబరిస్తే వచ్చేది కుంకుమ. సిందూరం మౌలికంగా సీసపు ఆక్సైడు. హనుమంతుడి విగ్రహాల మీది ఆ నారింజ ఎరుపు దానిదే. న్యూజెర్సీలోని రట్గర్స్ పరిశోధకులు 2017లో అక్కడి దుకాణాల్లోనూ, ముంబయి, ఢిల్లీలలోనూ కొన్న 118 సిందూరపు నమూనాలను పరీక్షిస్తే, కొన్నింటిలో సీసం అమెరికా అనుమతించే గ్రాముకు 20 మైక్రోగ్రాముల హద్దు దాటింది. భారతదేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 మించరాదన్న నియమం 2016లో వెలువడి, 2017 నవంబరు నుంచి అమలైంది. పరిశ్రమల్లో వాడే రంగులు ఆ నియమంలోకి రావు.

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు కొన్నా, అద్దెకు తీసుకున్నా సీసపు రంగు గురించి తెలియజేశారని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. చేరిన తొందరలో చాలామంది చదవకుండానే పెట్టే సంతకం అది. ఆ కాగితం వెనకాల ఉన్న లెక్క కాలిఫోర్నియా కోర్టుల్లో 19 ఏళ్ళు నడిచింది. శాంటా క్లారా కౌంటీ 2000లో వేసిన దావాలో పది నగరాలు, కౌంటీలు చేరాయి. హానికరమని తెలిసీ తెల్లసీసాన్ని ఇళ్ళకు ప్రచారం చేసి అమ్మారని 2014లో మూడు కంపెనీల మీద 115 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. 2017లో పైకోర్టు బాధ్యతను 1951కి ముందు కట్టిన ఇళ్ళకు కుదించింది. 2019లో 30.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ ముగ్గురిలో ఒకటి ఎన్‌ఎల్ ఇండస్ట్రీస్, అంటే పేరు మార్చుకున్న నేషనల్ లెడ్. దాని టైటానియం వ్యాపారం 2003లో విడిపోయి క్రోనోస్ పేరుతో నేటికీ నడుస్తున్నది. గ్రీకు పురాణాల్లో క్రోనోస్ టైటాన్ల రాజు.

ఆ పాత ఇళ్ళలో చాలావాటికి పైపూత ఇప్పుడు టైటానియం తెలుపే. కిటికీ తలుపు పైకీ కిందికీ జరిపినప్పుడు చట్రానికి రాసుకుని పై పొరతో పాటు కింది పొరా అరుగుతుంది. గుమ్మం అడుగున చేరే ఆ మెత్తటి పొడిలో రెండు తెలుపులూ ఉంటాయి, కంటికి తేడా తెలియదు.